చాటెడు తవుడు

ఎద్దు ముంగటనట, జీపు ఎనుకనట. కోనంపల్లి ఇంద్రసేన పటేలు ఆ ఎద్దు నడకకు తగ్గట్టు జీపును దేకిస్తూ వస్తున్నాడట. గిర్ని కాడ జొన్నలు పట్టించుకుంటూ అనంతమ్మ కండ్లార చూసిందట.

ఇది బాలమణి తెచ్చిన కబురు. బాలమణి భాగీరథి టీచరు ఇంటికి గోడ పక్క మనిషి. ఏ మాటనూ తనది అని చెప్పదు. పుట్టించేది వేరేవాళ్ళు, పెంచేది మాత్రం తను.

"ఎద్దు మీద ఎవరున్నరు?" అని అడిగింది భాగీరథి, ఆరేస్తున్న చీరను దండెం మీద అట్లాగే వదిలి.

"ఎవరేంది, వంశాలు సదివే హెళవోడు. నువ్వు రాసిచ్చిన కాయితం అబద్ధమని నలుగుర్ల సదివిచ్చనీకి తోలుకొస్తుండట. జీపెక్కుమంటె ఎద్దును ఇడిసి రానన్నడట. నేనంటలేను తల్లీ, అనంతమ్మ అన్నది."

భాగీరథి చెప్పులు తొడుక్కుంది.

పోయిన వారం సంచిక చేతికి అందనివాళ్ళ కోసం సంగతి ఎక్కడ ఆగిందో చెప్పుకుందాం. పటేలు పట్వారీ పదవులు రద్దయిన ఏడు ఇది. ఊరి పోలీసు పటేళ్ళ ఇళ్ళల్లో పుట్టుకలూ చావులూ రాసిన పాత రిజిస్టర్లు, అన్నీ నిజాం కాలపు ఉర్దూలో, చెదలకు మేతగా పడి ఉన్నాయి. వాటిని బతికించాలని రిటైరైన ఉర్దూ మాస్టరు సదాశివ సారుకు బుద్ధి పుట్టింది. ఆయన చదువుతాడు, భాగీరథి తెలుగులో రాస్తుంది. అల్లం వ్యాపారం చేసే శివకుమార్ తన గోదాములో చోటిచ్చి, చాయ్ పోయిస్తాడు. ఆదివారం ఆదివారం ఇదే పని. ఎవరైనా వచ్చి మా తాత పేరేంది, మా అవ్వ ఏ ఏట పుట్టింది అని అడిగితే వెతికి కాయితం మీద రాసిస్తారు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోరు. ఈ పిచ్చి ఏమిటని మొదట్లో నవ్విన జహీరాబాదే ఇప్పుడు ఆదివారం పూట గోదాము ముందు వరసకడుతోంది.

ఆ రిజిస్టర్లలో పదకొండు ఇంద్రసేన పటేలు తాత నాటి పెట్టెలోవి. ఐదు పూర్తయ్యాయి, ఆరు మిగిలాయి. పెట్టె ఇచ్చిననాడే పటేలు ఒక మాటన్నాడు. "ఒక్క పేరు తప్పు రాసిన్రని తెలిసిన్నాడు పెట్టె ఎత్తుకపోత. మల్ల అడుగొద్దు."

కిందటి వారం కోనంపల్లి కుమ్మరి యాదమ్మ వచ్చింది. పెద్దలను తలుచుకునే పెత్రమాస దగ్గర పడుతోంది. అన్నదమ్ములు లేని ఆడమనిషి, మొగుడు ఇల్లటం వచ్చినవాడు. కనుక తండ్రి వైపు పెద్దలకు బియ్యం ఇచ్చేది తనే. తండ్రి పేరు వీరన్న, నాయనమ్మ సంగవ్వ. తాత పేరు దగ్గరికొచ్చేసరికి అయ్యగారి ముందు ఏటా నోరు మూతపడుతుంది. తాత తొందరగా పోయాడు. సంగవ్వ మొగుని పేరు నోట పలికే మనిషి కాదు, పలకకుండానే పోయింది. ఆమెతోనే ఆ పేరూ పోయింది.

తెలుగులోకి ఎక్కించిన పుస్తకాల్లో భాగీరథి వెతికింది. 1327 ఫసలీ, అంటే ఇంగ్లీషు లెక్కలో 1918 నాటి రిజిస్టరులో దొరికింది. మగపిల్లవాడు, పేరు వీరన్న, ఇల్లు కుమ్మరి సంగవ్వది. తండ్రి పేరు రాసే ఖానాలో లింగారెడ్డి పటేలు. అంటే ఇంద్రసేన తాత. చూసినప్పుడు భాగీరథి కలం ఒక్క క్షణం ఆగింది. ఉన్నది రాయడమే మన పని అనుకుని రాసిచ్చింది. యాదమ్మకు చదువు రాదు. ఆ కాయితాన్ని ఊళ్ళో ఎవరితోనో చదివించుకుంది. ఇక చెప్పేదేముంది, చచ్చిపోయిన సంగవ్వ మీదా చచ్చిపోయిన లింగారెడ్డి మీదా కోనంపల్లి వారం రోజులు పండగ చేసుకుంది.

భాగీరథి గోదాము చేరేసరికి సదాశివ సారు తడిసి అతుక్కుపోయిన ఒక రిజిస్టరు ముందు కూర్చుని, చీపురు పుల్లతో పేజీలు విడదీస్తున్నాడు. రెండు వారాలుగా ఆయనకు అదే పని. పంట రావడానికి ఇంకా మూడు నెలలుంది. గోదాములో ఖాళీ గోనెసంచులు తప్ప ఏమీ లేవు, అయినా గోడలకు పట్టిన అల్లం వాసన పోలేదు.

"సార్, పటేలు వస్తుండు. హెళవోన్ని తోలుకొస్తుండు" అంది భాగీరథి.

"రానీ బిడ్డా." సారు తలెత్తలేదు. "యాదమ్మ అడిగిన పేరు దొరికినంక ముందు మూడేండ్లు, ఎనుక మూడేండ్లు చూసినవా?"

భాగీరథి గుమ్మంలోనే ఆగింది. ఈ పని మొదలుపెట్టిననాడు సారు పెట్టిన నియమం అది. ఒక పేరు దొరికిందని ఆగకూడదు, ఊళ్ళో అదే పేరుతో ఇంకొకరు ఉండొచ్చు. వెనక మూడేళ్ళు ఇప్పుడు సారు చేతిలో ఉన్న తడి రిజిస్టరులో ఉన్నాయి. ఆ రోజు పేజీలు విడిపోలేదు, యాదమ్మకు ఝరాసంగం బస్సుకు టైమైంది. ఇల్లు కలిసింది, పేరు కలిసింది, ఇంకేం కావాలి అనుకుంది తను. బడిలో పిల్లలకు 'లెక్క సరిచూసుకోండి' అని రోజూ చెప్పే మనిషి.

"చూడలే సార్."

సారు కోప్పడలేదు. చీపురు పుల్లను మళ్ళీ పేజీల మధ్య దూర్చాడు. "అయితె ఇప్పుడు చూద్దాం. వాళ్ళొచ్చేలోగా ఈ తల్లి కరుణిస్తదో ఏమో."

తల్లి కరుణించకముందే గంటల మోత వినిపించింది.

ఎద్దుకు ఎంత అలంకారమో దాని మీద కూర్చున్న హెళవ బస్వరాజ్‌కూ అంతే. కొమ్ములకు కుచ్చులు, కాలికి గజ్జెలు, భుజాన ఎర్రగుడ్డ చుట్టిన పోతి, అంటే వంశాల పుస్తకం. ఎద్దు మీద ఊరూరూ తిరిగి, తమ ఇలాకాలో ఉన్న ఇంటింటి వంశావళీ చదివి, ధాన్యమో బట్టో తీసుకుని, కొత్తగా పుట్టినవాళ్ళను రాసుకుని పోవడం హెళవల పని. బస్వరాజ్ తాత లింగారెడ్డికి చదివాడు, తండ్రి లింగారెడ్డి కొడుక్కి చదివాడు. ఇప్పుడు ఇంద్రసేన వంతు ఇతనిది, పటేలు మాత్రం ధాన్యం పోసి పంపడమే గాని కూర్చుని విన్నది లేదు.

వెనకే జీపు దిగిన ఇంద్రసేన మొహం దుమ్ము పట్టి ఉంది. నలభై ఐదేళ్ళ మనిషి, మామూలుగా నవ్వు మొహమే. ఈ వారం మాత్రం ఆ నవ్వు ఇంట్లో పెట్టి వచ్చినట్టున్నాడు. ఆయన వెంట వచ్చిన జీతగాళ్ళిద్దరు కిందికి దూకి గోదాము గుమ్మం దగ్గర నిలబడ్డారు. పెట్టె ఎత్తడానికి వచ్చినవాళ్ళని వేరే చెప్పక్కర్లేదు. జీపు వెనక భాగంలోంచి, పటేలు పిలిచాడని బయలుదేరి వచ్చిన యాదమ్మ కూడా దిగింది. చేతిలో ఒక కొత్త కుండ ఉంది.

"గిదేంది యాదమ్మా, కుండెందుకు?" అన్నాడు శివకుమార్.

"ఊకెనే రాయిచ్చుకుంటిమి గదా సావుకారీ. కాయితం మంచిదో చెడ్డదో, సార్ల నీళ్ళకన్న పనికొస్తది." కుండను గుమ్మం పక్కన దించి, "మీరు పుచ్చుకోరంట గని, కుండ పుచ్చుకుంటె తప్పేం లేదు" అంది.

ఇంద్రసేన నేరుగా భాగీరథి ముందుకొచ్చాడు. "టీచరమ్మా, మా తాత బతికుండంగ ఊర్ల ఏ ఆడిదాని దిక్కు తలెత్తి చూడలే. మీ కాయితం ఆయనకు ఇంకో కొడుకును పుట్టిచ్చింది. మా ఇంటి ఆడోళ్ళు గిర్నికి పోతలేరు, ముసి ముసి నవ్వులకు. తలుపులు మూసి లోపల కూసుందాం. హెళవ సదువుతడు, మీరు ఇనున్రి. తప్పని తేలితె పెట్టె నాది."

"తప్పని తేలితె తీస్కపోన్రి. నేను అడ్డం రాను" అంది భాగీరథి. చూపు మాత్రం ఆ పెట్టె మీదికి పోయింది. ఆరు రిజిస్టర్లు. ఇంకా ఎవరూ పిలవని ఎన్ని వందల పేర్లో.

ఇంద్రసేన గోదాములోకి నడిచాడు. బస్వరాజ్ ఎద్దు మీదే ఉన్నాడు.

"దిగు" అన్నాడు పటేలు.

"దిగనన్నా. హెళవోడు నేల మీద కూసొని వంశం సదివితె ఆ వంశం నేల పాలైతది. మా తాతలు చేసిన రివాజు. బసవన్న మీద కూసుంటెనే నోరు తెరుస్త."

"అయితె ఎద్దును లోపలికి తోలు."

శివకుమార్ ద్వారానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "పటేలా, మీరంటె నాకు మస్తు గౌరవం. గని ఆ కొమ్ములు ఈ దర్వాజల పట్టయి. దర్వాజ తీపియ్యమంటె నేను తీపియ్య."

అప్పటికే ఎద్దు గుమ్మంలో ఆరేసిన గోనెసంచి అంచు నమలడం మొదలుపెట్టింది. చేసేదేమీ లేక అందరూ బయటికే వచ్చారు. నాలుగు గోడల మధ్య గుట్టుగా తేల్చుకుందామని పటేలు వేసిన లెక్క ఎద్దు కొమ్ముల దగ్గర తప్పింది. ఆదివారం పూట, వరసలో నిలబడ్డవాళ్ళు పాతిక మంది. చాయ్ దుకాణం వాళ్ళు, పక్క ఎరువుల దుకాణం వాళ్ళు కలిసి ఇంకో పాతిక. ఆ గుంపులో ఒక పక్కన బాలమణి కూడా ఉంది. ఎవరి మాటా అక్కర్లేకుండా తన కండ్లతో చూసే అవకాశం ఆమెకు బతుకులో ఎన్నిసార్లు వస్తుంది.

బస్వరాజ్ పోతి విప్పాడు. గజ్జె కాలు ఒకసారి ఆడించాడు. "కేళ్రి యజమానులారా, వినున్రి" అని కన్నడమూ తెలుగూ కలిసిన రాగంలో అందుకున్నాడు.

"కోనంపల్లి పటేలు లింగారెడ్డి. ఆయన ఇంటిది భాగ్యమ్మ. మొదటి కొడుకు పుట్టె, మూడో నాడు పోయె. రెండో కొడుకు పుట్టె, పురుడు తీరకముందె పోయె. మూడో కాన్పు ఆడబిడ్డ, పేరు పెట్టకముందె పోయె. నాలుగో కొడుకు పాలు తాగనే లేదు."

వరసలో నిలబడ్డ ముసలమ్మ ఒకతి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంద్రసేన నేల చూస్తున్నాడు. ఆ నలుగురి సంగతి ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

"ఐదో కొడుకు పుట్టె. పుట్టిన గడియల్నె మంత్రసాని బొడ్డు కోసి, తీస్కపోయి పెంటకుప్ప మీద పండవెట్టె. కుమ్మరి సంగవ్వ అటు దిక్కు నుంచి వచ్చె. సంగవ్వ చెయ్యి మంచిది, ఆమె కొడుకు మూడేండ్లోడు రాయి లెక్క ఉన్నడు. చాటెడు తవుడు భాగ్యమ్మ ముంగట పోసి బిడ్డను కొని, ఈ బిడ్డ నాది అని ఎత్తుకపాయె. సావు వచ్చి ఎతికితె లెక్క తప్పాలెనని తన కొడుకు పేరే పెట్టె. వీరన్న. ఒక ఇంట్ల ఇద్దరు వీరన్నలు. తొమ్మిది నాళ్ళు సంగవ్వ ఇంట్లనె పాలు తాగి, పదో నాడు పటేలు వాడకు వచ్చె, సంగవ్వ కొడుకు లెక్కనె వచ్చె. బడిల ఏసిన్నాడు సార్లు పెట్టిన పేరు రామ్‌కిషన్."

గుంపులో గుసగుస ఆ చివరి నుంచి ఈ చివరిదాకా పాకింది. రామ్‌కిషన్ అంటే ఇంద్రసేన తండ్రి. ఐదేళ్ళ కింద పోయిన రామ్‌కిషన్ పటేలు.

భాగీరథికి ఒక్కసారిగా గుండె తేలికైంది, వెంటనే మళ్ళీ బరువెక్కింది. తప్పు తనదే. రిజిస్టరుది కాదు. 1327లో రాసిన వీరన్న యాదమ్మ తండ్రి కాడు, పటేలు తండ్రి.

సదాశివ సారు 1327 నాటి రిజిస్టరు తెచ్చి ఆ పేజీ అందరికీ చూపించాడు. "చూడున్రి, లింగారెడ్డి రాత ఇది. సావు కండ్లు కప్పనీకి ఆయన సర్కారు దఫ్తర్ల సుత బిడ్డ ఇల్లు సంగవ్వదనే రాసిండు. గని తండ్రి ఖాన కాడికి వచ్చేసరికి చెయ్యి ఆగలే. తన పేరు రాసుకున్నడు. నలుగురు పోయినంక పుట్టినోడాయె, ఎట్ల ఆగుతది."

ఇంద్రసేన ఆ పేజీ వైపు చాలాసేపు చూశాడు. ఉర్దూ రాదు ఆయనకు. అయినా తాత రాసిన సిరా గీతల మీద వేలు పెట్టి నడిపించాడు. తరువాత మొహం తుడుచుకున్నాడు. దుమ్ముతో పాటు ఈ వారం రోజుల కోపం కూడా సగం పోయినట్టుంది.

"అయితె మా తాత మంచోడే" అన్నాడు.

"మా అవ్వ సుత మంచిదే పటేలా" అంది యాదమ్మ. "ఆ మాట సుత జర గట్టిగ చెప్పు. ఊరంత నవ్వింది మా అవ్వ మీదనే."

ఇంద్రసేన గుంపు వైపు తిరిగాడు. "సంగవ్వ మంచిది. మా నాయనకు పాలిచ్చింది." గట్టిగానే అన్నాడు. గుంపులోంచి ఎవరో "శెభాష్" అన్నారు.

భాగీరథి ముందుకొచ్చింది. "తప్పు నాది. ముందేండ్లు చూడకుంట రాసిచ్చిన. యాదమ్మా, ఆ కాయితం ఇయ్యి, కొట్టేసి సంతకం పెడత." నలుగురిలో తప్పు ఒప్పుకోవడానికి భయపడ్డంత కష్టం కాలేదు. కొట్టేసిన గీత కింద తన పేరు పూర్తిగా రాసింది.

"కొట్టేసుడు మంచిదే" అంది యాదమ్మ. "మరి మా తాత ఏడి? ఎల్లుండి పెత్రమాస."

అప్పుడు లోపలినుంచి శివకుమార్ కేక వేశాడు. సారు వదిలి వచ్చిన చీపురు పుల్ల, చాయ్ గ్లాసుల కోసం లోపలికి పోయిన అతని చేతికి చిక్కింది. బుద్ధి పుట్టి తిప్పాడు, పేజీలు విడిపోయాయి. ఉర్దూ అతనికీ రాదు, కాని సంగవ్వ పేరు ఎట్లా ఉంటుందో ఈ వారం రోజుల్లో చూసి చూసి గుర్తుపట్టాడు. సారు కళ్ళజోడు తుడుచుకుని ఆ రిజిస్టరును ఎండకు పట్టుకున్నాడు. 1324 ఫసలీ. మగపిల్లవాడు. పేరు వీరన్న. ఇల్లు కుమ్మరి సంగవ్వది. తండ్రి ఖానా సగం చెమ్మకు చెదిరింది. మిగిలిన సగం పేరును సారు పైకి చదవలేదు, భాగీరథి వైపు చూశాడు. ఇద్దరూ కలిసి ముందు మూడేళ్ళు, వెనక మూడేళ్ళు తిప్పారు. రెండేళ్ళ తరువాత చావుల పట్టీలో అదే ఇంటి మీద అదే పేరు చెదరకుండా ఉంది. సంగవ్వ మొగుడు, పాము కాటు.

"హన్మప్ప" అన్నాడు సారు. "కుమ్మరి హన్మప్ప. మీ తాత."

యాదమ్మ పెదాలు కదిపింది. మొదటిసారి శబ్దం రాలేదు. రెండోసారి, "హన్మప్ప" అంది. మూడోసారి అయ్యగారి ముందు చెప్పినట్టు వరసగా చెప్పింది. "మా నాయన వీరన్న, ఆయన నాయన హన్మప్ప." చెప్పి నవ్వింది. "మా అవ్వ గింత చిన్న పేరును అన్నేండ్లు ఎట్ల దాసిందో."

వరసలో ఉన్నవాళ్ళూ నవ్వారు. భాగీరథి కొత్త కాయితం మీద గుండ్రటి అక్షరాలతో రాసిచ్చింది. ఇక ఇట్లాగే అందరూ చాయ్ తాగి ఇళ్ళకు పోతే ఎంత బాగుండు అనిపించింది ఆమెకు.

కాని పటేలు మాట పటేలు మాటే. "టీచరమ్మా, కోపంతోని అంటలేను. గని తప్పని తేలింది గదా. మాట మాటే. ఏ పేజీల ఏమున్నదో, ఇంకెవ్వరి ఇండ్లల్ల ఏ లొల్లి అయితదో. పెట్టె మా ఇంట్లనె ఉండనీ." జీతగాళ్ళకు సైగ చేశాడు. వాళ్ళు పెట్టెను చెరొక వైపు పట్టి గుమ్మం దాటించారు. భాగీరథి అడ్డం రానని మాటిచ్చింది. పక్కకు జరిగి నిలబడింది.

ఎద్దు మీద బస్వరాజ్ పోతి ఇంకా మూయలేదు. కలం తీసి చెవి మీద పెట్టుకుని చూస్తున్నాడు.

"అన్నా, నాదొక్క సిన్న పని మిగిలింది" అన్నాడు. "ఈడ ఒక జాగ ఖాళీగుంది. పెంట మీద కొన్న బిడ్డను లగ్గానికి ముందు మల్ల కొనుక్కోవాలె గద. కొన్నామెకు చీర పెట్టి, చాటెడు తవుడు తిరిగి పోసి, మా బిడ్డను మాకియ్యమని అడగాలె. మీ నాయన లగ్గం ఏడు మా నాయన అడిగిండట, ఏం చీర పెట్టిన్రు రాసుకుంట అని. మల్ల చెప్త అన్నరట మీ తాత. నేను మీ నాయననూ అడిగిన. ఆయన సుత మల్ల చెప్త అన్నడు. ఇప్పుడు నువ్వు చెప్పు. తెచ్చుకున్నరా?"

ఇంద్రసేన ఎద్దు దగ్గరికి వచ్చాడు. ఈ కథే ఇప్పుడు విన్న మనిషి ఏమని చెప్తాడు. మెల్లగా అడిగాడు, "తెచ్చుకోకుంటె ఏమైతది?"

బస్వరాజ్ యాదమ్మ వైపు చూశాడు. ఆమె కొత్త కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంటోంది. ముడి బిగించి, తలెత్తి చెప్పింది.

"ఏమైతది పటేలా, మీ నాయన ఇంక మా ఇంటోడే. ఎల్లుండి ఆయనకు బియ్యం నేనిస్త. ఆ పెట్టె సుత మా ఇంటోనిదే, ఆడ దించుమను."

పెట్టె ఎత్తినవాళ్ళు ఎత్తినట్టే నిలబడి పటేలు మొహం వంక చూస్తున్నారు.